రాత్రి తాగిన బీరు, పొద్దున తాగిన ఎనర్జీ డ్రింకు: మిషన్ పట్టుకున్నది దేన్ని?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మేము హైదరాబాద్ అంబర్‌పేటలో ఉంటాం. మా ఆయన వయసు 34, క్యాబ్ నడుపుతడు. పోయిన శనివారం రాత్రి మా చిన్నమామ కొడుకు పెళ్లి దావత్‌కు పోయినం. అక్కడ తొమ్మిది గంటలకు కూర్చొని రెండు స్ట్రాంగ్ బీర్లు తాగిండు. ఒంటిగంటకు ఇంటికొచ్చి పడుకున్నం. పొద్దున అయిదున్నరకు లేచి, స్నానం చేసి, ఎయిర్‌పోర్టు ట్రిప్పు ఉందని బయల్దేరిండు. నిద్ర ఆగకపోతే దారిలో కిరాణ దుకాణంల రెండు ఎనర్జీ డ్రింకులు కొని తాగిండట. ఆరున్నరకు పోలీసోళ్లు ఆపి ఊదిస్తే 47 వచ్చింది. "నేను తాగలే సార్, ఇవే తాగిన" అని ఖాళీ సీసాలు చూపించి గొడవపడితే, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ ఊదించిన్రు. 43 వచ్చింది. కేసు రాసి బండి పెట్టుకున్నరు. ఆ డ్రింకుల వల్లనే మిషన్ తప్పు చూపించిందని ఆయన పిల్లల మీద ఒట్టేసి చెప్తున్నడు. మా మరిది కూడా "నేను ఫోన్‌ల చూసిన, నిజమే, వకీలును పెట్టి కొట్లాడదాం" అంటున్నడు. వకీలు ఖర్చు మాకు చిన్నది కాదు. ఎనర్జీ డ్రింకులతో అట్ల వస్తదా? ఆయన మాట నమ్మాల్నా? నాలుగు రోజుల సంది నేను ఆయనతోని సరిగ్గ మాట్లాడుతలేను. పేరు రాయొద్దు.

జవాబు: అమ్మా, ముందు సూటిగా జవాబు చెప్తాను, ఎందుకో తర్వాత చెప్తాను. ఎనర్జీ డ్రింకు తాగిన మరు నిమిషమే ఊదితే మిషన్ ఎంతో కొంత చూపించవచ్చు. అది పుకారు కాదు. కానీ 47 చూపించదు. ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాక 43 అసలే చూపించదు. మీ ఆయన ఊపిరిలో దొరికింది రాత్రి దావత్‌లో తాగిన బీరే. అయినా సరే, ఆయన మీతో అబద్ధమాడాడని నేననుకోవడం లేదు. ఈ రెండు మాటలూ ఎలా పొసుగుతాయో విప్పి చెప్పాలంటే కొంచెం ఓపిగ్గా చదవాలి.

మీ మరిది ఫోన్‌లో చూసిన దాంట్లో ఒక నిజం ఉంది. దాంతోనే మొదలుపెడదాం. కూల్‌డ్రింకులకైనా ఎనర్జీ డ్రింకులకైనా రుచీ వాసనా తెచ్చేది ఎసెన్సే. కేకులో వేసే వెనిల్లా ఎసెన్స్ లాంటి వాటిలో ఆ పరిమళాన్ని కరిగించి పట్టి ఉంచేది చాలాసార్లు ఆల్కహాలే. అందుకే మందు కాదని అమ్మే పానీయంలో కూడా లేశమంత ఆల్కహాల్ ఉండొచ్చు. పట్టుబడిన డ్రైవర్లు కొందరు "మేం తాగింది ఎనర్జీ డ్రింకే" అని అమెరికా కోర్టుల్లో వాదించడం మొదలుపెట్టాక, అక్కడి పరిశోధకులు ఆ సంగతేమిటో తేల్చుకుందామని 27 రకాల డ్రింకులు తెచ్చి పరీక్షించారు. ఆ అధ్యయనం 2009లో అచ్చయింది. 27లో 24 రకాల్లో ఆల్కహాల్ కనిపించింది. ఎంతంటే, 100 మిల్లీలీటర్లలో 5 నుంచి 230 మిల్లీగ్రాముల దాకా. 8 శాతం స్ట్రాంగ్ బీరులో అదే 100 మిల్లీలీటర్లకు 6,000 మిల్లీగ్రాముల పైన ఉంటుంది. తేడా మీకే తెలుస్తుంది.

తర్వాత వాటిని మనుషులతో తాగించి ఊదించారు. ఒక్కొక్కరితో తాగించింది ముప్పావు లీటరు నుంచి దాదాపు లీటరు దాకా. ఆఖరి గుక్క మింగిన నిమిషంలోపే ఊదిస్తే 27లో 11 డ్రింకులకు మిషన్ కదిలింది. మన పోలీసులు చెప్పే అంకెల్లోకి, అంటే 100 మిల్లీలీటర్ల రక్తానికి ఎన్ని మిల్లీగ్రాముల ఆల్కహాల్ అన్న లెక్కలోకి మారిస్తే, ఆ రీడింగులు 6 నుంచి 15 మధ్య ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ వచ్చింది 15. మన చట్టం గీసిన గీత 30. అంటే తాగిన నిమిషంలోపే పట్టుకున్నా ఆ డ్రింకు ఒక్కటే గీత దాటించలేదు. పదిహేను నిమిషాలు ఆగి ఊదిస్తే అన్నిటికీ సున్నా వచ్చింది.

అవి అమెరికా డ్రింకులు కదా, మన దగ్గరివి వేరు కదా అని మీ మరిది అడగొచ్చు. సీసా మారితే మొదటి అంకె కొంచెం మారుతుంది. కానీ ఆ పదిహేను నిమిషాల సంగతి సీసాను బట్టి వచ్చింది కాదు, మన నోటిని బట్టి వచ్చింది. అదెలాగో తెలియాలంటే ఆ మిషన్ ఏం చేస్తుందో తెలియాలి.

మిషన్ వాసన పట్టదు. పట్టేదైతే యాలకులు, జర్దా పాన్, పుదీనా బిళ్లలు నమిలినవాళ్లందరూ తప్పించుకునేవాళ్లు. మనం తాగిన ఆల్కహాల్ రక్తంలో కలుస్తుంది. ఆ రక్తం ఊపిరితిత్తుల్లోకి వచ్చినప్పుడు అందులోంచి కొంత ఆవిరై గాలిలోకి చేరుతుంది. ఊపిరితిత్తుల అడుగు నుంచి వచ్చే 210 లీటర్ల గాలిలో ఎంత ఆల్కహాల్ ఉంటుందో, 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు అంతే ఉంటుందన్న లెక్క మీద ఈ పరీక్ష నడుస్తుంది. 1954లో అమెరికాలోని ఇండియానా రాష్ట్ర పోలీసు శాఖలో పనిచేస్తున్న రాబర్ట్ బోర్కెన్‌స్టీన్ మొదటి బ్రీత్‌లైజర్ తయారుచేసింది కూడా ఈ ఆధారం మీదే. ఇప్పుడు పోలీసుల చేతుల్లో ఉండే మంచి మిషన్లలో ప్లాటినం పూత ఉన్న చిన్న బిళ్ల లాంటి భాగం ఒకటి ఉంటుంది. ఆల్కహాల్ దాని మీద తగిలి, వెనిగర్‌లో ఉండే ఆమ్లంగా మారుతుంది. మారేటప్పుడు సన్నటి కరెంటు పుడుతుంది. ఆ కరెంటును కొలిచి అంకె చూపిస్తుంది. ఎనర్జీ డ్రింకులోని కెఫీన్, టారిన్, చక్కెర, రంగు, ఇవేవీ అక్కడ ఆ కరెంటును పుట్టించలేవు. కాబట్టి "డ్రింకులో ఉన్న కెమికల్ మిషన్‌ను పాడుచేసింది" అన్న మాట నిలబడదు. దొరికితే దొరకాల్సింది అందులోని ఎసెన్స్ ఆల్కహాల్ ఒక్కటే.

ఆ ఆల్కహాల్ దొరికేది నోట్లో. ఏ పానీయమైనా మింగేశాక నాలుక మీద, బుగ్గల లోపల, పళ్ల సందుల్లో కాస్త తడి మిగులుతుంది. అప్పుడే ఊదితే లోపలి నుంచి వచ్చే గాలికి ఆ తడిలోని ఆల్కహాల్ కూడా తోడవుతుంది. లాలాజలం ఊరుతూ, మింగుతూ ఉంటే పది పదిహేను నిమిషాల్లో అది పోతుంది. మౌత్‌వాష్ పుక్కిలించి ఊసినా ఇదే కథ. అందులో ఆల్కహాల్ ఎక్కువుంటే ఆ మొదటి నిమిషంలో పెద్ద అంకె వచ్చినా ఆశ్చర్యం లేదు, కాసేపాగితే పోతుంది. గట్టిగా తేల్చాల్సిన పరీక్షకు ముందు మనిషిని ఏమీ తిననివ్వకుండా, తాగనివ్వకుండా 15 నుంచి 20 నిమిషాలు కూర్చోబెట్టడం చాలా దేశాల్లో నియమంగా పెట్టుకున్నది ఇందుకే.

ఇప్పుడు మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన మాట దగ్గరికి వస్తాను. మీరది మామూలుగా రాసేశారు: మొదట 47, ఇరవై నిమిషాల తర్వాత 43. పెనం మీద చిలకరించిన నీళ్లు చుయ్‌మని ఎలా ఎగిరిపోతాయో నోట్లోని ఆల్కహాల్ అలా పోతుంది. రక్తంలోని ఆల్కహాల్ సన్న చిల్లు పడ్డ బిందెలో నీళ్లలాగా తగ్గుతుంది, ఒక్కో చుక్కా. మీ ఆయనది డ్రింకు వల్ల వచ్చిన 47 అయితే రెండోసారికి సున్నా కావాలి, కనీసం సున్నాకు దగ్గరపడాలి. నాలుగే తగ్గింది. సగటు మనిషి కాలేయం గంటకు 15 దాకా తగ్గిస్తుంది, ఇరవై నిమిషాలకు 5. నాలుగు తగ్గడం అచ్చంగా చిల్లుబిందె లెక్క. ఆయన గొడవపడి రెండోసారి ఊదించుకోవడం తప్పని నేననను, పోలీసులు ఆగి మళ్లీ ఊదించడం కూడా సరైన పనే. ఆ రెండో అంకె లేకపోతే నేను మీకింత గట్టిగా చెప్పగలిగేదాన్ని కాదు.

బీరు లెక్క కూడా వేసి చూద్దాం. పెద్ద బీరు సీసా 650 మిల్లీలీటర్లు. స్ట్రాంగ్ అంటే 8 శాతం దాకా. అంటే ఒక్కో సీసాలో అసలు ఆల్కహాల్ 41 గ్రాములు, రెండింటికీ 82. మీరు ఆయన బరువు రాయలేదు, 65 కిలోలనుకుందాం. ఆ ఒంట్లో 82 గ్రాములూ కలిస్తే 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 185 మిల్లీగ్రాములు. గంటకు 15 చొప్పున, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరున్నర దాకా తొమ్మిదిన్నర గంటలకు పోయేది 142. మిగిలేది 43. మిషన్ 47 చూపించింది, తర్వాత 43. కొందరి కాలేయం గంటకు 10 తీస్తుంది, కొందరిది 20 తీస్తుంది, తిన్న తిండిని బట్టీ మారుతుంది, కాబట్టి ఇది కొలత కాదు, అంచనా. కానీ ఎనర్జీ డ్రింకు ఊసే లేకుండా వేసిన అంచనా ఇంత దగ్గరగా వచ్చిందంటే, మిషన్ తప్పు చూపించిందనడానికి చోటెక్కడుంది?

మరి ఆయన పిల్లల మీద ఒట్టేశాడు కదా. నేను ఆ ఒట్టును నమ్ముతాను. "నేను తాగలే" అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది ఆ పొద్దుటి సంగతి. రాత్రిది రాత్రే అయిపోయింది, పడుకున్నాడు, లేచాడు, నెత్తిన నీళ్లు పోసుకున్నాడు, తల తిరగడం లేదు, మాట తడబడటం లేదు. దిగిపోయిందనే అనుకున్నాడు. మన ఇళ్లలో అందరం అలాగే అనుకుంటాం. కానీ మత్తు దిగడం వేరు, మందు ఒంట్లోంచి పోవడం వేరు. నిద్ర కాలేయాన్ని తొందరపెట్టదు. చన్నీళ్ల స్నానం, నిమ్మకాయ నీళ్లు, మజ్జిగ, కాఫీ, వాంతి చేసుకోవడం, ఇవేవీ గంటకు 15ను 16 చెయ్యవు.

నేను ప్రభుత్వ ఆస్పత్రి క్యాజువాల్టీలో చాలా ఏళ్లు డ్యూటీ చేశాను. ఒక ఆదివారం పొద్దున ఏడున్నరకు ఒక పాల వ్యాను డ్రైవరును తీసుకొచ్చారు. డివైడర్‌కు కొట్టాడు, కాలు రెండు చోట్ల విరిగింది. పోలీసులు రక్తం తీయమన్నారు. నేను సిరంజి పట్టుకుంటే ఆ మనిషి భయంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు: "రాత్రి ఎప్పుడో తాగింది ఇంకా ఉంటదా మేడం?" అప్పటికి ఎంతమంది తాగే రోగులకు కాలేయం గురించి చెప్పానో లెక్కలేదు. ఒక్కరికీ ఈ పొద్దుటి సంగతి చెప్పలేదని ఆ క్షణం తట్టింది. ఆ తర్వాత చెప్పకుండా ఎవరినీ పంపలేదు. మీ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు రాయడానికీ అదే కారణం.

ఇక ఆ రెండు సీసాల సంగతి. అవి ఏమీ చెయ్యలేదని నేననడం లేదు. అంకె పెంచలేదు గానీ అంతకంటే పెద్ద పని చేశాయి. ఒంట్లో 47 ఉన్న మనిషికి "నేను బాగానే ఉన్నాను" అనిపించేలా చేశాయి. 2006లో బ్రెజిల్‌లో 26 మంది యువకుల మీద చేసిన అధ్యయనం ఒకటుంది. మందు ఒక్కటే తాగించి ఒకసారి, అదే మందు ఎనర్జీ డ్రింకుతో కలిపి తాగించి ఒకసారి చూశారు. కలిపి తాగినప్పుడు తలనొప్పి తక్కువగా ఉందని, నీరసం లేదని, చేతులు కాళ్లు స్వాధీనంలోనే ఉన్నాయని వాళ్లే చెప్పారు. పరీక్ష పెట్టి చూస్తే చేతులూ చూపూ కలిసి పనిచేసే తీరులో తేడా లేదు. కళ్లముందు ఏదైనా వస్తే స్పందించే వేగంలో తేడా లేదు. ఊపిరిలోని ఆల్కహాల్‌లోనూ తేడా లేదు. అంతా మారింది వాళ్ల మనసులోనే. అమెరికాలో మందులోనే కెఫీన్ కలిపి డబ్బాల్లో అమ్మితే, అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2010 నవంబరులో నాలుగు కంపెనీలకు హెచ్చరిక లేఖలిచ్చి ఆపించింది. తాగినవాడికి తాను తాగినట్టు తెలియకపోవడమే అందులోని ప్రమాదం.

దీనికి నిద్రలేమి తోడు. ఒంటిగంటకు పడుకుని అయిదున్నరకు లేచాడన్నారు. నాలుగున్నర గంటల నిద్ర, అదీ మందు మీద పట్టిన నిద్ర, సగం నిద్రే. వరసగా 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరుతో సమానమని 1997లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. మీ ఆయనకు ఆ పొద్దున రెండూ కొంత కొంత ఉన్నాయి, పైన కెఫీన్ ముసుగు. ఆ దారిలో ఏమీ జరగకముందే ఆపినందుకు, బండి పోయిన కోపం చల్లారాక, మీ ఇద్దరికీ ఊరటే కలుగుతుందని నాకనిపిస్తోంది.

"తాగకుండానే మిషన్ పట్టుకుంది" అనే మాట ఎప్పుడూ అబద్ధమేనా అంటే, కాదు. దాన్ని కొట్టిపారేస్తే నిజంగా తాగనివాళ్లకు అన్యాయం చేసినట్టవుతుంది. గీత 30 దగ్గర కాకుండా సున్నా దగ్గర ఉండే ఉద్యోగాలున్నాయి. ఆర్టీసీ డ్రైవర్లకు డ్యూటీ ఎక్కేముందు డిపోలో ఊదిస్తారు, అక్కడ చిన్న అంకె వచ్చినా ప్రశ్నే. 2025 జులైలో కేరళలో పందళం కేఎస్‌ఆర్‌టీసీ డిపోలో ఇలాగే ఒక డ్రైవరు ఊదితే 10 వచ్చింది. తాను తిన్నది పనస తొనలేనని అతను మొత్తుకున్నాడు. తాగనివాళ్లతో అవే తొనలు తినిపించి ఊదిస్తే వాళ్లకూ వచ్చింది. బాగా మాగిన పనస లోపల కొంచెం పులుస్తుంది మరి. విమాన పైలట్ల విషయంలో అయితే, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్, టూత్ జెల్ కూడా వాడొద్దని మన పౌర విమానయాన డైరెక్టరేట్ 2023లో నియమమే పెట్టింది. మన ఇళ్లలో వాడే ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం లాంటివి పులియబెట్టి చేసేవే, వాటిలో సహజంగానే ఆల్కహాల్ ఉంటుంది. హోమియో చుక్కల మందుల్లోనూ ఆల్కహాల్ ఉంటుంది. ఇవి ఔషధంగా చెప్పిన మోతాదులో తాగితే రక్తంలోకి చేరేది అతి కొంచెం, కానీ తాగిన వెంటనే ఊదితే నోట్లో ఉన్నది మిషన్‌కు తగులుతుంది. ఆర్టీసీలోనో స్కూలు బస్సు మీదో పనిచేసేవాళ్లు మీ బంధువుల్లో ఉంటే ఇది చెప్పండి: అలాంటి అరిష్టమో చుక్కల మందో వేసుకుంటే ముందే చెప్పాలి, నోరు కడుక్కోవాలి, పదిహేను ఇరవై నిమిషాలాగి మళ్లీ ఊదుతానని మర్యాదగా అడగాలి. రెండోసారి సున్నా వస్తే అదే వాళ్ల సాక్ష్యం.

కల్లు మాత్రం ఈ జాబితాలోది కాదు. "కల్లే కదా, మందు కాదు కదా" అనుకునేవాళ్లు మన ఊళ్లలో ఎందరో. పులిసిన కల్లు మామూలు బీరుకు తీసిపోదు.

చట్టం సంగతి. నేను డాక్టరును, వకీలును కాను, కానీ క్యాజువాల్టీలో పనిచేసిన వాళ్లకు ఈ సెక్షన్లు నోటికొస్తాయి. మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారికి 15,000, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. లైసెన్సును కొన్నాళ్లు ఆపే అధికారం కూడా ఉంది, క్యాబ్ నడిపేవాళ్లకు జరిమానా కంటే అదే పెద్ద దెబ్బ. ఊదడానికి ఒప్పుకోకపోతే ఆ నిరాకరణే వ్యతిరేక సాక్ష్యంగా వాడుకోవచ్చని 205 చెబుతుంది, కాబట్టి ఎవరికీ ఆ సలహా ఇవ్వకండి. మిషన్ ఆల్కహాల్ చూపించాక, అరెస్టు చేసిన మనిషికి రక్త పరీక్ష చేయించే అధికారం పోలీసులకు 204లో ఉంది. అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు డాక్టరు పరీక్ష జరగాలని 202లో ఉంది. అదంతా ఆ పొద్దునే జరగాల్సింది. నాలుగు రోజుల తర్వాత రక్తమిస్తే అందులో ఏమీ ఉండదు, దాంతో ఏదీ రుజువు కాదు. ఆ డ్రింకు సీసాను ల్యాబుకు పంపుదామని ఎవరైనా అంటే ఆ డబ్బు కూడా దండగే. సీసాలో కొంచెం ఆల్కహాల్ ఉందని తేలినా ఆ 43కు జవాబు దొరకదు.

కాబట్టి వకీలును పెట్టి "ఎనర్జీ డ్రింకే కారణం" అని కొట్లాడటం వద్దమ్మా. పైగా దావత్‌కు వచ్చిన చుట్టాలందరూ చూసిన సంగతి అది. కోర్టులో ఒకటి చెప్పి ఇంట్లో ఒకటి చెప్పాల్సి వస్తే పిల్లల మీద వేసిన ఆ ఒట్టు అప్పుడు నిజంగానే అబద్ధమవుతుంది. మొదటిసారి కేసు, చిన్న అంకె, ప్రమాదం లేదు, రోజూ బండి మీద బతుకుతున్నాం, జరిగింది ఒప్పుకుంటున్నాం అని చెప్పుకోవడంలోనే మీకు మేలు కనిపిస్తోంది. అయినా ఒక్కసారి చట్టం తెలిసినవాళ్లతో మాట్లాడాలనుకుంటే డబ్బు పెట్టనక్కర్లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా సలహా ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఆడవాళ్లకు, ఆదాయం తక్కువున్న వాళ్లకు ఆ హక్కు చట్టంలోనే ఉంది. హైదరాబాద్‌లో పట్టుబడినవాళ్లకు కోర్టుకు ముందు గోషామహల్‌లోనో బేగంపేటలోనో ఉన్న ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్ ఉంటుంది, ఇంట్లోవాళ్లను కూడా రమ్మంటారు. పిలిస్తే మీరు తప్పకుండా వెళ్లండి, అది అవమానం కాదు. అక్కడ చెప్పే నాలుగు మాటలు ఆయన ఒక్కడే వినడం కంటే ఇద్దరూ కలిసి వినడం మంచిది.

మీరు అడగలేదు గానీ, ఆయన రాత్రీ పగలూ నడిపే మనిషి కాబట్టి ఆ డ్రింకుల గురించీ చెప్పాలి. మన ఆహార భద్రతా సంస్థ లెక్క ప్రకారం ఇలాంటి పానీయాల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండొచ్చు. అంటే 250 మిల్లీలీటర్ల సీసాలో 75 దాకా. ఆయన గంటలో రెండు తాగాడు, 150 దాకా వెళ్లింది. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు పనికిరాదని ఆ సీసాల మీదే రాసి ఉంటుంది. ఇరవై రూపాయలకు దొరుకుతోందని మీ పిల్లలు అలవాటు చేసుకోకుండా చూడండి. ఒక్కసారి తాగిన కెఫీన్ సగం కావడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం తాగితే రాత్రి నిద్ర పోతుంది, నిద్ర పోతే మర్నాడు మళ్లీ సీసా కావాలి. నిద్ర వస్తుంటే బండి పక్కకు ఆపి, సీటు వాల్చుకుని, ఇరవై నిమిషాలు కునుకు తీయమనండి. ట్రిప్పు పోతుందన్న భయం ఉంటుంది, నాకు తెలుసు. ట్రిప్పు పోతే నాలుగొందలు పోతాయి.

దావత్‌లు ఎలాగూ ఆగవు. ఆయన్ను మానేయమనడం నా జవాబులో భాగం కాదు, అది మీ ఇద్దరిదీ. కానీ లెక్క మాత్రం గుర్తు పెట్టుకోమనండి. ఆయనంత మనిషికి ఒక స్ట్రాంగ్ బీరు పూర్తిగా పోవాలంటే మొదటి గుక్క నుంచి ఆరు గంటలకు పైనే, రెండైతే పన్నెండు దాటుతుంది. 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గు ఒక్కటే 45 దాకా తెస్తుంది, దానికి మూడు గంటలు. దావత్ ఉన్న మర్నాడు మధ్యాహ్నం దాకా యాప్‌లో ట్రిప్పులు తీసుకోకుండా ఉంటే, ఈ కేసు మళ్లీ వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది.

నాలుగు రోజులుగా సరిగ్గా మాట్లాడటం లేదన్నారు. ఈ రాత్రి అన్నం తిన్నాక పిల్లల నోటుబుక్కులో ఒక కాగితం తీసుకుని ఆయన పక్కన కూర్చోండి. 82 గ్రాములు, 185, గంటకు 15, తొమ్మిదిన్నర గంటలు, అన్నీ ఆయన చేతనే వేయించండి. ఆ తీసివేత వేసే ముందే, ఆయన మీతో అబద్ధం చెప్పలేదని మీకు తెలుసన్న మాట చెప్పండి.